జింకకూ ఎల్క్‌కూ ఒకే రైఫిల్ సరిపోతుందా?

మా బావమరిది డెన్వర్‌కి వచ్చి రెండేళ్లయింది. జూన్‌లో ఒకరోజు ఫోన్ చేశాడు. "బావా, డ్రాలో నాకు ఎల్క్ ట్యాగ్ వచ్చింది, జింక ట్యాగ్ కూడా వచ్చింది. ఒక్క రైఫిల్‌తో రెండూ అయిపోతాయా, రెండు కొనాలా?" అన్నాడు. ఎల్క్ జింక జాతిలోదే, కానీ చాలా పెద్ద జంతువు. డ్రా అంటే వేట అనుమతులకు తీసే లాటరీ, ట్యాగ్ అంటే ఒక జంతువుని వేటాడే అనుమతి. అప్పటికే ఒక షాపుకి వెళ్లొచ్చాడట. ఎల్క్ అనే మాట వినగానే కౌంటర్ దగ్గరి మనిషి పెద్ద మ్యాగ్నమ్ రైఫిల్ (మామూలు వాటికంటే శక్తి ఎక్కువున్న తూటాలు కాల్చేది) ఒకటి తీసి చేతిలో పెట్టాడట.

పన్నెండేళ్ల కిందట నా చేతిలోనూ అలాంటిదే పెట్టారు. కొన్నాను. రేంజిలో మొదటి నాలుగు తూటాలు బాగానే వెళ్లాయి. ఐదోదానికి భుజం ముందే బిగుసుకుపోయింది. ట్రిగర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటున్నానని నాకే తెలియలేదు. ఆ అక్టోబర్‌లో ఆస్పెన్ చెట్ల అంచున, 180 గజాల దూరంలో ఒక ఆడ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడింది. అంతకంటే తేలికైన అవకాశం కొండల్లో దొరకదు. నా బుల్లెట్ ఊపిరితిత్తుల్లో కాకుండా వెనక కడుపులో తగిలింది. నెత్తుటి చుక్కలు చూసుకుంటూ చీకటి పడేదాకా వెళ్లాను. రాత్రికి మంచు కురిసి ఆ గుర్తులు కూడా పోయాయి. ఇంకో రెండు రోజులు వెతికినా దొరకలేదు. ఒక ప్రాణిని అలా గాయపరిచి వదిలేసి రావడం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆ చలికాలంలోనే ఆ రైఫిల్ అమ్మేశాను.

అందుకే ఎవరడిగినా నేను మొదలుపెట్టే చోటు ఒకటే. ఏ తుపాకీకి బలం ఎక్కువ అని కాదు, ఏ తుపాకీతో మీరు కన్ను మూయకుండా కాల్చగలరు అని చూడండి. బావమరిదికి చెప్పిన జవాబు ఇక్కడే చెప్పేస్తాను: ఒక్క రైఫిల్ చాలు, .308 విన్చెస్టర్ తీసుకో. .270, 6.5 క్రీడ్‌మోర్, .30-06 కూడా దాదాపు అంతే మంచివి. ఇవన్నీ తూటా రకాల పేర్లు, రైఫిల్‌ని అది కాల్చే తూటా పేరుతోనే పిలుస్తారు. ఎవరికి ఏది నప్పుతుందో వివరంగా చూద్దాం.

కొనే ముందు వీసా సంగతి

మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అయితే ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. లైసెన్స్ గడువు అయిపోతే ఆ మినహాయింపు కూడా పోతుంది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. ప్రమాదం అక్కడే. ఫ్రెండ్ రైఫిల్‌ని రేంజిలో కాసేపు పట్టుకున్నా అది "దగ్గర పెట్టుకోవడం" కిందికే రావచ్చు. కాబట్టి ముందు లైసెన్స్, తర్వాత రైఫిల్, ఆ తర్వాత రేంజి. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి కాబట్టి మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్క మాట అడగండి. ఒక్క మెయిల్‌తో తీరే టెన్షన్ అది.

కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. అది లేకపోతే లైసెన్సే ఇవ్వరు. 2023 అక్టోబర్ నుంచి అక్కడ కొన్న తుపాకీ చేతికి రావాలంటే కనీసం మూడు రోజులు ఆగాలి. సీజన్ ముందు రోజు షాపుకి పరిగెత్తి లాభం లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇదంతా అమెరికా సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేట నేరం. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఎవరైనా పిలిచినా వెళ్లకూడదు.

రెండు జంతువుల మధ్య తేడా

కొలరాడోలో జింక అంటే ఎక్కువగా మ్యూల్ డీర్. పెద్ద మగది వంద కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఎల్క్ వేరే లెక్క. ఆడది 225 కిలోల దాకా, మగది 300 కిలోలు దాటి ఉంటుంది. ఈ రాష్ట్రంలో ఎల్క్‌లు 2,80,000కు పైనే ఉన్నాయని వన్యప్రాణి శాఖ అంచనా. ప్రపంచంలో ఇంత పెద్ద సంఖ్యలో ఇంకెక్కడా లేవు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. జంతువు మూడింతలు పెద్దది కాబట్టి తుపాకీ కూడా మూడింతలు పెద్దది కావాలనుకుంటారు. నిజానికి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎల్క్‌లో బాగా పెద్దది. జింకలో అది తొమ్మిది పది అంగుళాలైతే, ఎల్క్‌లో పద్నాలుగు అంగుళాల పైమాటే. అంటే గురి తేలిక. కష్టమల్లా లోపలికి చేరడంలో ఉంది. చర్మం మందం, భుజం ఎముక గట్టిది, పక్కటెముకలు వెడల్పు. జింకలో ఇవతల తగిలి అవతలికి పోయే బుల్లెట్, ఎల్క్‌లో భుజం దగ్గరే ముక్కలై ఆగిపోవచ్చు.

కొలరాడో చట్టం కూడా తేడాని ఇలాగే చూస్తుంది. రెండింటికీ కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ లావు) ఉండాలి, వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. బుల్లెట్ బరువు మాత్రం జింకకు కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్‌కు కనీసం 85. ఒక గ్రాముకి సుమారు పదిహేనున్నర గ్రెయిన్లు. ఇది చట్టం పెట్టిన అడుగు గీత మాత్రమే. ఎల్క్‌కి నేను 140 గ్రెయిన్లకు తక్కువ వాడను.

తూటాల్లో ఏది

తూటా అంటే మొత్తం కార్ట్రిడ్జ్, బుల్లెట్ అంటే అందులోంచి ఎగిరిపోయే ముక్క. ఈ రెండు మాటలు కలిసిపోతే కింది లెక్క తికమక అవుతుంది.

.243 విన్చెస్టర్ 1955లో వచ్చింది. తన్ను, అంటే కాల్చగానే రైఫిల్ వెనక్కి వచ్చి భుజానికి కొట్టే దెబ్బ, చాలా తక్కువ. జింకకు చక్కగా సరిపోతుంది. ఇంట్లో పదిహేనేళ్ల పిల్లలకు నేర్పించాలంటే దీన్ని మించింది లేదు. 100 గ్రెయిన్ బుల్లెట్‌తో ఎల్క్‌కి కూడా చట్టం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోను. ఎల్క్ కొంచెం ముందుకు తిరిగి నిలబడితే ఆ బుల్లెట్ భుజం ఎముక దాటి లోపలికి వెళ్తుందన్న నమ్మకం నాకు లేదు.

6.5 క్రీడ్‌మోర్‌ని హోర్నడీ కంపెనీ 2007లో టార్గెట్ పోటీల కోసం తయారుచేసింది. ఇప్పుడు కొత్తగా వేటకొచ్చే వాళ్లలో సగం మంది చేతుల్లో ఇదే కనిపిస్తుంది, దానికి కారణం ఉంది. .308 కంటే మెత్తగా తన్నుతుంది, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. 140 గ్రెయిన్లకు కాస్త పైనున్న బుల్లెట్ 300 గజాల దగ్గర కూడా 1,600 ఫుట్-పౌండ్ల దాకా నిలుపుకుంటుంది. జింకకు ఏ సందేహమూ లేదు. ఎల్క్‌కు పనికిరాదని కొందరు గట్టిగా వాదిస్తారు. 300 గజాల లోపల, జంతువు పూర్తిగా పక్కకు తిరిగి ఉన్నప్పుడు, మంచి బుల్లెట్‌తో బాగా పనిచేస్తుందని నేను కళ్లారా చూశాను. సన్నగా ఉండేవాళ్లకు, తుపాకీ పట్టడం ఇదే మొదటిసారి అయినవాళ్లకు .308 కన్నా ఇదే ముందు చెబుతాను.

.270 విన్చెస్టర్‌కి 2025తో వందేళ్లు నిండాయి. 130 గ్రెయిన్ బుల్లెట్‌ని సెకనుకు 3,000 అడుగుల పైన తోస్తుంది కాబట్టి బుల్లెట్ దాదాపు గీత గీసినట్టు వెళ్తుంది. 200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేస్తే, 300 గజాల దగ్గర కిందికి జారేది ఆరేడు అంగుళాలే. బయలు కొండల్లో మ్యూల్ డీర్ కోసమే తిరిగేవాళ్లకు నా మొదటి ఎంపిక ఇదే అయ్యేది. ఎల్క్‌కి మాత్రం 140 లేదా 150 గ్రెయిన్‌కి మారాలి.

.308 విన్చెస్టర్ 1952 నాటిది, సైన్యాలు వాడే 7.62 నాటో తూటాకి అన్నలాంటిది. .30-06 ఇంకా పాతది, 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టింది. ఈ రెండింటిదీ ఒకే లావు బుల్లెట్. .30-06 కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) పొడుగు కాబట్టి కాస్త ఎక్కువ వేగం ఇస్తుంది, 180 గ్రెయిన్ బుల్లెట్‌ని మరింత హాయిగా మోస్తుంది. దానికి బదులుగా రైఫిల్ కొంచెం పొడుగవుతుంది, తన్ను కొంచెం పెరుగుతుంది. ఇంట్లో ఇప్పటికే .30-06 ఉంటే ఇంకేమీ కొనకండి. కొత్తగా కొనేవాళ్లయితే .308లో 165 గ్రెయిన్ బుల్లెట్ జింకనూ ఎల్క్‌నూ రెండింటినీ చూసుకుంటుంది. ప్రాక్టీసు తూటాలు చవగ్గా దొరుకుతాయి, బారెల్ చాలాకాలం మన్నుతుంది, కొండ ఊళ్లో చిన్న హార్డ్‌వేర్ షాపులో కూడా ఒక డబ్బా ఉంటుంది. బ్యాగేజీలో తూటాలు రాకపోయిన రోజున ఆ చివరి సుగుణం విలువ తెలుస్తుంది.

ఇక మ్యాగ్నమ్‌లు. 7 ఎం.ఎం. రెమింగ్టన్ మ్యాగ్నమ్ 1962లో, .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్ 1963లో వచ్చాయి. రెండూ గొప్ప తూటాలే, తప్పు వాటిది కాదు. .300 మ్యాగ్నమ్ శక్తి .308 కంటే మూడో వంతు దాకా ఎక్కువ. అదే బరువున్న రైఫిల్‌లో తన్ను మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లు. ఇంత భరించి 300 గజాల దగ్గర మనకు మిగిలేది రెండు మూడు అంగుళాల తక్కువ జారుడు. ఎల్క్ ఊపిరితిత్తుల చోటు పద్నాలుగు అంగుళాలున్నప్పుడు ఆ రెండంగుళాల కోసం భుజాన్ని పాడుచేసుకోవడం ఎందుకు? ఏటా మూడు నాలుగు వందల తూటాలు కాల్చేవాళ్లకు, 400 గజాల దాకా నిజంగా నేర్పు ఉన్నవాళ్లకు మ్యాగ్నమ్ పనికొస్తుంది. మొదటి రైఫిల్‌గా వద్దు.

గొట్టం చివర బిగించి గ్యాస్‌ని పక్కలకు మళ్లించే మజిల్ బ్రేక్ పెడితే తన్ను తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది. కానీ చప్పుడు పక్కలకీ వెనక్కీ మళ్లి చెవులు గింగురుమంటాయి. రేంజిలో చెవులకు మఫ్స్ పెట్టుకుంటాం, కొండ మీద ఎల్క్ కనబడ్డ కంగారులో పెట్టుకోం. పక్కన కూర్చున్న తోడు మనిషి చెవులు కూడా పోతాయి. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు.

ఎల్క్ విషయంలో తేల్చేది బుల్లెట్టే

క్యాలిబర్ గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు బుల్లెట్ డబ్బా మాత్రం షెల్ఫ్ మీద ఏది ఉంటే అది తీసుకుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం.

మామూలు వేట బుల్లెట్ అంటే లోపల సీసం, పైన పల్చటి రాగి తొడుగు. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. జింకకు అది చాలు, పైగా ధర తక్కువ. ఎల్క్ భుజం ఎముకకి తగిలితే ఒక్కోసారి తొడుగు ఊడి సీసం చెల్లాచెదురవుతుంది. 1946లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్‌కి ఒక మూస్ దగ్గర ఇదే ఎదురైంది. తూటా పెద్దదే, బుల్లెట్ మాత్రం బురద పట్టిన ఆ దళసరి భుజంలోకి దిగలేదు. ఇంటికొచ్చి, మధ్యలో రాగి గోడ ఉండి ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరని బుల్లెట్ తయారుచేశాడు. అదే పార్టిషన్ బుల్లెట్, ఇప్పటికీ అమ్ముతున్నారు. తర్వాత సీసాన్ని తొడుగుకి అతికించేసిన బాండెడ్ రకాలు వచ్చాయి, సీసమే లేని పూర్తి రాగి బుల్లెట్లు వచ్చాయి.

ఎల్క్‌కి ఈ మూడింటిలో ఏదైనా సరే, మామూలుది మాత్రం వద్దు. నేను పూర్తి రాగి వైపు మొగ్గాను. మాంసంలో సీసం పొడి కలవదు, ఇంట్లో పిల్లలు తింటారు కాబట్టి నాకు అది ముఖ్యం. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం. సీసం తగిలిన కళేబరాలు తిని కాండోర్ రాబందులు చనిపోవడం దానికి ఒక పెద్ద కారణం. రాగి బుల్లెట్‌కి వేగం కావాలి, చాలా దూరంలో నెమ్మదించాక సరిగ్గా విచ్చుకోదు. 300 గజాల లోపల ఉండేవాళ్లకు ఆ ఇబ్బంది రాదు.

జింకకు ఒక బుల్లెట్, ఎల్క్‌కు ఒక బుల్లెట్ అని రెండు డబ్బాలు పెట్టుకోవాలా? వద్దు. ఒకే రైఫిల్‌లో రెండు రకాల బుల్లెట్లు ఒకే చోట తగలవు. వంద గజాల్లోనే రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ కావచ్చు. ఎల్క్‌కి సరిపోయే బుల్లెట్ జింకకూ సరిపోతుంది. ఒకే డబ్బా, ఒకే జీరో, ఏడాదంతా అదే.

రైఫిల్, దాని మీద స్కోప్

ఇక్కడ ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. బోల్ట్ యాక్షన్ తీసుకోండి, అంటే ప్రతి తూటాకీ పిడిని చేత్తో లాగి తోసే రకం. సవేజ్ 110, రూగర్ అమెరికన్ తక్కువ ధరలో దొరుకుతాయి, వందగజాల్లో కాల్చిన తూటాలన్నిటినీ ఒకటిన్నర అంగుళం లోపలే పడేస్తాయి. వేటకు అంతకంటే అక్కర్లేదు. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ వాటికంటే కొంచెం ఖరీదు, కానీ బోల్ట్ వెన్నలా జారుతుంది, ట్రిగర్ శుభ్రంగా తెగుతుంది. నా దగ్గరున్నది అదే, బావమరిది కూడా దాన్నే పట్టుకుని వదల్లేదు. జపాన్‌లో తయారయ్యే వెదర్బీ వాన్‌గార్డ్ బరువుగా ఉంటుంది. మోయడం కష్టం, అదే బరువు వల్ల తన్ను తగ్గుతుంది. మూడు కిలోల లోపు తేలిక రైఫిళ్లు షాపులో చేతికి హాయిగా అనిపిస్తాయి, కాల్చినప్పుడు ఆ హాయి ఉండదు. స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోలకు అటూ ఇటూ ఉంటే కొండ ఎక్కడానికీ, గురి నిలపడానికీ మధ్యస్థంగా ఉంటుంది. వాల్‌నట్ చెక్క అందమే. మంచులో, వానలో నానేదానికి సింథటిక్ స్టాక్, స్టెయిన్‌లెస్ బారెల్ మేలు.

స్కోప్‌లో పెద్ద అంకెలు చూసి మోసపోవద్దు. 3-9×40 చాలు, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. లూపోల్డ్, వోర్టెక్స్ రెండింట్లోనూ నమ్మదగినవి ఉన్నాయి. నడుస్తున్నంతసేపూ 3 మీదే ఉంచండి. 30 గజాల్లో జింక లేచి నిలబడితే 16 మీద పెట్టిన స్కోప్‌లో బొచ్చు తప్ప ఇంకేమీ కనబడదు. తర్వాత పెంచుకోవడానికి ఎప్పుడూ టైం ఉంటుంది.

స్కోప్‌తో కొండల్ని వెతకడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. స్కోప్ తిప్పితే దాంతోపాటు తుపాకీ గొట్టం కూడా తిరుగుతుంది, అవతల పొదలో మనిషి ఉండొచ్చు. వెతకడానికి బైనాక్యులర్స్ వేరే ఉండాలి. 8×42, 10×42 రెంటిలో పడమటి కొండలకు 10, తూర్పు అడవులకు 8. రైఫిల్‌లో రెండు వందలు తగ్గించి ఆ డబ్బు బైనాక్యులర్స్‌లో పెట్టమని అందరికీ చెబుతాను. రోజులో మీరు ట్రిగర్ ముట్టుకునేది ఒక్కసారి, అదీ అదృష్టం ఉంటే. అద్దాల్లోంచి చూసేది ఆరేడు గంటలు.

ఖర్చు గురించి ఒక సంగతి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వల్ల ప్రతి రైఫిల్ మీదా, ప్రతి తూటా డబ్బా మీదా 11 శాతం ఫెడరల్ పన్ను ఉంటుంది. అది రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో కనబడకుండా పోయిన ఎల్క్‌లు, జింకలు మళ్లీ పెరగడంలో ఆ డబ్బుకి పెద్ద పాత్ర ఉంది. మనం కట్టేది ఎక్కడికి పోతుందో తెలిస్తే బిల్లు చూసినప్పుడు బాధ తగ్గుతుంది.

మీరు కొలరాడోలో లేకపోతే

న్యూజెర్సీలో జింకకు సెంటర్‌ఫైర్ రైఫిల్ (పైన తూటాల్లో చెప్పినవన్నీ ఈ రకమే) వాడనివ్వరు. షాట్‌గన్, మజిల్‌లోడర్ (గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీ), విల్లు మాత్రమే. ఎడిసన్‌లో ఉండి .308 కొంటే అది మీ రాష్ట్రంలో బీరువాకే పరిమితం. ఒహైయో, అయోవాలు రైఫిల్ తూటాల మీద గట్టి హద్దులు పెట్టాయి, అక్కడ .350 లెజెండ్ లేదా .450 బుష్‌మాస్టర్ చూసుకోవాలి. ఈ రెండింటిలో తన్ను తక్కువగా ఉన్న .350 లెజెండ్ నాకు ఇష్టం. పెన్సిల్వేనియాలో జింకకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనికిరాదు, బోల్ట్ యాక్షన్‌కి అడ్డులేదు.

టెక్సాస్ సంగతి మనకు దగ్గరిది. అక్కడి హిల్ కంట్రీలో తిరిగే యాక్సిస్ డీర్ మన చుక్కల జింకే, తెలంగాణ రాష్ట్ర జంతువు. 1930ల్లో అక్కడికి తెచ్చి వదిలారు. ఇప్పుడు గుంపులు గుంపులుగా పెరిగి స్థానిక జింకల మేతకు పోటీ వస్తున్నాయి. బయటి జంతువు కాబట్టి వేట లైసెన్స్ ఉంటే ఏడాదంతా వేటాడవచ్చు. కానీ భూమి దాదాపు అంతా ప్రైవేటుదే, రాంచ్ యజమానికి డబ్బు కట్టాలి. డాలస్, ఆస్టిన్‌లలో ఉన్నవాళ్లు ఎల్క్ కోసం మొదటిసారే కొండలెక్కే బదులు, అక్కడ ఒక చుక్కల జింకతో మొదలుపెట్టడం మంచి దారి. .243 నుంచి .308 దాకా ఏదైనా సరిపోతుంది. మొదటిసారి దాన్ని స్కోప్‌లో చూసినప్పుడు నాకు చెయ్యి రాలేదు. చిన్నప్పుడు జూలో చూసిన జంతువు అది. మీకూ అలా అనిపిస్తే వెనక్కి వచ్చేయండి, అందులో తప్పేమీ లేదు.

రైఫిల్ కాకుండా మిగతావి

బూట్లతో మొదలుపెట్టండి. ఎల్క్‌లు తొమ్మిది పదివేల అడుగుల ఎత్తులో ఉంటాయి. మడమ దగ్గర బొబ్బ లేస్తే వెయ్యి డాలర్ల రైఫిల్ కూడా టెంట్‌లోనే కూర్చుంటుంది. మడమ పైదాకా వచ్చే గట్టి తోలు బూట్లు జూలైలోనే కొని, వాటితోనే వాకింగ్ చేయండి. ఆఫీసుకి కూడా వేసుకెళ్లండి. బట్టల్లో కాటన్ వద్దు. చెమటకు తడిసి ఆరదు, సాయంత్రానికి చలి ఎముకల్లోకి దిగుతుంది. లోపల మెరినో ఊలు, పైన ఫ్లీస్, ఆ పైన గాలి ఆపే జాకెట్. కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరోసెంట్ ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలి, టోపీ కూడా అదే రంగు. క్యామఫ్లాజ్ గీతలున్న ఆరెంజ్ లెక్కలోకి రాదు. జింకలు, ఎల్క్‌లు ఆ రంగుని మనలా గుర్తుపట్టలేవు, కాబట్టి వేట పాడవుతుందని భయపడక్కర్లేదు.

జింకకూ ఎల్క్‌కూ సామానులో అసలు తేడా వచ్చేది వేట అయిపోయాకే. జింకని ఇద్దరు మనుషులు ఒక్క ట్రిప్పులో తెచ్చేస్తారు. ఎల్క్‌ని తేలేరు. ఎముక తీసేసిన మాంసమే ఆడదానికి అరవై కిలోల దాకా, మగదానికి ఎనభై దాటి ఉంటుంది. రోడ్డుకి మూడు కిలోమీటర్లు ఉంటే ఒక్క మనిషికి మూడు నాలుగు ట్రిప్పులు. అందుకే ఎల్క్‌కి మామూలు బ్యాక్‌ప్యాక్ కాకుండా లోపల ఫ్రేమ్ ఉండి, బరువుని నడుము మీదికి దించే ప్యాక్ కావాలి. గాలి ఆడే బట్ట సంచులు నాలుగైదు, బ్లేడు మార్చుకునే కత్తి, తాడు, రెండు హెడ్‌ల్యాంపులు. జీపీఎస్ యాప్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఒంటరిగా వెళ్తే శాటిలైట్ మెసెంజర్ తప్పనిసరి, ఫోన్ సిగ్నల్ ఉండదు. అక్టోబర్ మధ్యాహ్నాలు ఒక్కోసారి వెచ్చగా ఉంటాయి, తోలు వెంటనే తీయకపోతే తొడ ఎముక దగ్గర మాంసం పాడవుతుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం కొలరాడోలో నేరం. అంత మోసే తోడు లేకపోతే ఈ ఏడాది జింక ట్యాగ్‌తో ఆగిపోండి.

మనవాళ్ల వంటింటికి ఒక జాగ్రత్త. జింకలకు, ఎల్క్‌లకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు వస్తుంది. దాన్ని మొదట గుర్తించింది 1967లో, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనే. ఇప్పటిదాకా మనుషులకు అంటినట్టు రుజువు లేదు, అయినా జబ్బు ఉన్నట్టు తేలిన జంతువు మాంసం తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. తల శాంపిల్ ఇచ్చి టెస్ట్ చేయించండి, ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్‌లో ఉంచండి. తలకాయ కూర, మెదడు వేపుడు, వెన్నుపూస ముక్కల పులుసు, ఇవి మేకతో చేసుకుందాం. వీటితో వద్దు. ఈ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, కాబట్టి మెత్తటి ముక్కల్ని ఎక్కువసేపు ఉడికిస్తే చెక్కలా అవుతాయి. పిక్క భాగం కుక్కర్‌లో పెట్టండి, మిగతాది కైమా కొట్టించండి.

ఇండియా ప్రయాణం ఉన్నవాళ్లు వేట బ్యాగుని విమానానికి వాడకండి. అడుగున మరచిపోయిన ఒక్క తూటా దొరికినా అక్కడి ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. అలా ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. వేటకు ఒక బ్యాగు, ఊరికి ఒక బ్యాగు.

కొన్నాక ఏం చేయాలి

బావమరిది చివరికి .308లో టిక్కా, దాని మీద 3-9 స్కోప్, 165 గ్రెయిన్ రాగి బుల్లెట్ తీసుకున్నాడు. మిగిలిన డబ్బుతో ఒక .22 రైఫిల్ కూడా కొనిపించాను. దాని తూటా చవక, తన్ను ఉండదు. శనివారం రేంజికి వెళ్తే .22తో యాభై, .308తో పదిహేను. భుజం నొప్పి మొదలవగానే ఆపేయాలి, అక్కడి నుంచి నేర్చుకునేది చెడ్డ అలవాటే. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో రోజూ పదిసార్లు ట్రిగర్ నొక్కడం, తూటాలు వేరే గదిలో పెట్టి.

బెంచి మీద పెట్టి కాల్చేది జీరో చేయడానికే. ఆ తర్వాత అంతా నేల మీద కూర్చుని, మోకాలి మీద ఆనించి, బ్యాక్‌ప్యాక్ మీద పడుకుని. తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు పెట్టమన్నాను, జింక ఊపిరితిత్తులంత ఉంటుంది. ఐదు తూటాలకు ఐదూ ప్లేటులో పడే దూరమే అతని దూరం. ఒకటి బయటికి పోయినా దగ్గరికి రావాలి. జూలైలో అది 120 గజాలు. పోయిన వారం 200 దగ్గర ఐదుకి ఐదు పడ్డాయని ఫోటో పంపాడు. సీజన్ మొదలయ్యేటప్పటికి ఎంతైతే అంత. ఆ దూరానికి అవతల ఎల్క్ కనబడితే గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని దగ్గరికి నడవమని చెప్పాను.